ఒకే సంగతిని రెండుసార్లు చెప్పే లెక్క

చెరువులో కొన్ని తామర పువ్వులున్నాయి. కొన్ని తుమ్మెదలు వచ్చాయి. పువ్వుకొకటి చొప్పున వాలితే ఒక తుమ్మెదకు చోటు దొరకలేదు. పువ్వుకు రెండేసి వాలితే ఒక పువ్వు ఖాళీగా మిగిలింది. పువ్వులెన్ని, తుమ్మెదలెన్ని?

ఈ పొడుపు లెక్క మనలో చాలామంది చిన్నప్పుడు విన్నదే. కొన్ని ఇళ్లలో తుమ్మెదలకు బదులు పిట్టలు, పువ్వులకు బదులు చెట్టు కొమ్మలు ఉంటాయి. పిల్లలు వేళ్ల మీదే జవాబు పట్టేస్తారు: మూడు పువ్వులు, నాలుగు తుమ్మెదలు. రెండు పువ్వులతో మొదలుపెడితే రెండో ప్రయత్నానికే దొరికిపోతుంది. అందుకే ఇందులో బీజగణితం ఉందని ఎవరికీ అనిపించదు.

ఇప్పుడు అంకెలు మాత్రం మారుద్దాం. మూడేసి చొప్పున వాలితే 5 పువ్వులు ఖాళీగా ఉన్నాయి. రెండేసి చొప్పున వాలితే 15 తుమ్మెదలు మిగిలిపోయాయి. ఇక్కడ ఊహించి సరిచూసుకుంటూ పోతే చాలాసేపు పడుతుంది. వేరే దారి కావాలి.

పువ్వుల సంఖ్యను ‘ప’ అనుకుందాం. మూడేసి వాలినప్పుడు 5 పువ్వులు ఖాళీ. అంటే తుమ్మెదలున్న పువ్వులు ప − 5. కాబట్టి తుమ్మెదలు 3(ప − 5). రెండేసి వాలినప్పుడు పువ్వులన్నీ నిండి, ఇంకా 15 మిగిలాయి. కాబట్టి తుమ్మెదలు 2ప + 15. వచ్చిన తుమ్మెదలు అవే. ఎలా వాలినా వాటి సంఖ్య మారదు. అందువల్ల:

3(ప − 5) = 2ప + 15

ఇదే సమీకరణం. ఇంతసేపూ తుమ్మెదలు ఎన్నో మనకు తెలియదు, ఇప్పటికీ తెలియదు. కానీ వాటి సంఖ్యను రెండు దారుల్లో చెప్పగలిగాం. ఆ రెండు మాటల మధ్య సమానం గుర్తు పెట్టాం. మాటల్లో ఇచ్చిన ఏ లెక్కకైనా సమీకరణం ఇలాగే పుడుతుంది. ఏ రాశి గురించి రెండుసార్లు చెప్పారో కనిపెట్టాలి. పిల్లలకు ‘ఎక్స్ అనుకోండి’ అని నేర్పుతాం కానీ, ఈ రెండోసారి చెప్పిన మాట కోసం వెతకమని తగినంత నేర్పడం లేదని నా అభిప్రాయం.

తెలియని సంఖ్యకు పేరు పెట్టడం మన దేశంలో చాలా పాతది. భిల్లమాలకు చెందిన బ్రహ్మగుప్తుడు 628లో బ్రహ్మస్ఫుట సిద్ధాంతం రాశాడు. అందులో ఇలాంటి సమీకరణాలను సాధించే సూత్రం ఉంది. తెలియని సంఖ్యను మన గణితజ్ఞులు అవ్యక్తం (ఇంకా బయటపడనిది) అన్నారు. దానికి ‘యావత్తావత్’ అనే పేరు కూడా ఉంది. ‘ఎంతైతే అంత’ అని అర్థం. రాతలో దాన్ని ‘యా’ అని కుదించారు. ఒకటికన్నా ఎక్కువ అవ్యక్తాలుంటే రంగుల పేర్లు పెట్టారు: కాలకం, నీలకం, పీతకం. నలుపు, నీలం, పసుపు అన్నమాట. బడిలో ఇంగ్లిషు అక్షరాలు వాడతారు. ఇక్కడ మనం తెలుగు అక్షరాలే వాడుకుందాం. అక్షరం ఏదైనా లెక్క మారదు.

అక్షరం ఏదైనా ఫరవాలేదు కానీ, అది దేనికి గుర్తో మరవకూడదు. ‘ప’ అంటే పువ్వు కాదు, పువ్వుల సంఖ్య. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది. కానీ ఇక్కడ కాలేజీ విద్యార్థులు కూడా జారిపడతారు. 1981లో క్లెమెంట్, లాక్‌హెడ్, మంక్ అనే ముగ్గురు అమెరికన్ పరిశోధకులు ఒక పరిశీలన ప్రచురించారు. వాళ్లు మొదటి ఏడాది ఇంజినీరింగ్ విద్యార్థులకు ఒక్క వాక్యం ఇచ్చారు. ఒక విశ్వవిద్యాలయంలో ఆచార్యులకు ఆరు రెట్ల మంది విద్యార్థులున్నారు. దీన్ని సమీకరణంగా రాయాలి. మూడో వంతుకు పైగా తప్పు రాశారు.

విద్యార్థుల సంఖ్య ‘వ’, ఆచార్యుల సంఖ్య ‘ఆ’ అనుకుంటే, తప్పు రాసినవాళ్లలో ఎక్కువమంది రాసింది 6వ = ఆ. వాళ్ల మనసులో ఉన్న బొమ్మ తప్పు కాదు. ఆరుగురు విద్యార్థులు ఒకవైపు, ఒక ఆచార్యుడు ఇంకోవైపు కనిపించారు. ఆ బొమ్మను ఉన్నదున్నట్టు అక్షరాల్లోకి దించారు. కానీ 6వ అంటే ‘ఆరుగురు విద్యార్థులు’ అని కాదు, ‘విద్యార్థుల సంఖ్యకు ఆరు రెట్లు’ అని. విద్యార్థులే ఎక్కువ ఉన్నప్పుడు, వాళ్ల సంఖ్యను మళ్లీ ఆరు రెట్లు చేస్తే అది ఆచార్యుల సంఖ్యకు ఎలా సమానమవుతుంది? తక్కువగా ఉన్నదాన్ని పెంచితేనే రెండూ సమానమవుతాయి. కాబట్టి వ = 6ఆ. అనుమానం వస్తే ఒక అంకె వేసి చూడాలి. ఆచార్యులు 10 మంది అయితే విద్యార్థులు 60. ఏ సమీకరణం నిలబడుతుందో వెంటనే తెలుస్తుంది.

సమీకరణం రాశాక సాధించడం మిగిలింది. దీన్ని చాలామంది పెద్ద కష్టంగా భావిస్తారు. నిజానికి రెండింటిలో సులువైనది ఇదే. పని ఒక్కటే: అవ్యక్తాన్ని ఒంటరిని చేయాలి.

ఇందుకు తక్కెడను ఊహించుకోవచ్చు. రెండు సిబ్బెలూ సమంగా ఉన్నాయి. రెండింట్లోంచీ ఒకే బరువు తీసేస్తే తక్కెడ కదలదు. రెండింటా ఒకే బరువు వేసినా కదలదు. మన సమీకరణంలో ముందు బ్రాకెట్ విప్పుదాం: 3ప − 15 = 2ప + 15. రెండు వైపులా 2ప తీసేద్దాం: ప − 15 = 15. రెండు వైపులా 15 కలుపుదాం: ప = 30. పువ్వులు 30. తుమ్మెదలు 3 × 25, అంటే 75. రెండో దారిలో సరిచూస్తే 60కి 15 కలిపినా 75.

బడిలో దీన్ని పక్షాంతరం (ఒక పదాన్ని సమానం గుర్తుకు అటువైపు తీసుకెళ్లడం) అంటారు. ‘అటు వెళ్తే ప్లస్ మైనస్ అవుతుంది, మైనస్ ప్లస్ అవుతుంది’ అని పిల్లలు పాఠంలా అప్పజెబుతారు. సూత్రం సరైనదే. కానీ ఏ పదమూ నిజంగా అటు వెళ్లదు. ఇక్కడున్న −15 పోవాలని రెండు వైపులా 15 కలిపాం. ఇటువైపు అది సున్నా అయింది, అటువైపు +15గా కనిపించింది. దాటినట్టు అనిపించింది అంతే. ఈ కారణం తెలియని పిల్లలు 3ప = 12 దగ్గర కూడా గుర్తు మార్చి, ప = 12 − 3 అని రాస్తారు. మూడు అక్కడ కలిపి లేదు, గుణించి ఉంది. గుణించినదాన్ని విప్పాలంటే భాగించాలి.

ఏది ముందు విప్పాలన్నదానికీ కారణం ఉంది. 2య + 7 = 15లో ‘య’ను ముందు రెట్టింపు చేశారు, తర్వాత 7 కలిపారు. మూట విప్పేటప్పుడు చివర వేసిన ముడి ముందు విప్పుతాం. అలాగే ముందు 7 తీసేయాలి, తర్వాత సగం చేయాలి. జవాబు 4.

ఈ పద్ధతిని బాగ్దాదులో 9వ శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ ఒక గ్రంథంగా కూర్చాడు. ఆ గ్రంథం పేరులోని ‘అల్ జబ్ర్’ అనే మాట నుంచే ఆల్జీబ్రా అనే పేరు వచ్చింది. తీసివేతలో పోయినదాన్ని తిరిగి చేర్చి పూరించడం అని దానికి అర్థం. విరిగిన ఎముకను సరిచేసి కట్టడాన్ని కూడా అరబ్బీలో అదే మాటతో చెబుతారు. మనం −15ను పోగొట్టడానికి రెండు వైపులా 15 కలిపామే, ఆ పనే జబ్ర్.

సమానం గుర్తు మాత్రం ఇంకా చాలా తర్వాతిది. 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వెల్ష్ గణితజ్ఞుడు రెండు సమాంతర గీతలను ఇందుకు ఎంచుకున్నాడు. వాటికన్నా సమానమైన రెండు వస్తువులు ఉండవన్నది ఆయన చెప్పిన కారణం. ఆ గుర్తు ‘రెండు వైపులా ఒకే విలువ’ అని చెబుతుంది. చాలామంది పిల్లలు దాన్ని ‘ఇక్కడ జవాబు రాయి’ అనే ఆజ్ఞగా చదువుతారు. మీ ఇంట్లో మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లలుంటే 8 + 4 = ? + 5 అని రాసి ఇచ్చి చూడండి. ప్రశ్నార్థకం చోట 12 అని రాస్తే, ఆ బిడ్డకు కూడిక వచ్చు, సమానం గుర్తు ఇంకా రాలేదని అర్థం. జవాబు 7. బీజగణితంలో ఎదురయ్యే చిక్కులు కొన్ని ఇంత చిన్న వయసులోనే మొదలవుతాయి.

ఒక్కోసారి రెండుసార్లు చెప్పినా కొత్త సంగతి తెలియదు. 2(య + 3) = 2య + 6 అన్నది ‘య’ ఏదైనా నిజమే. ఒకే మాటను రెండు రకాలుగా రాశాం, అంతే. దాన్నుంచి ‘య’ బయటపడదు. 2య + 3 = 2య + 5 ఎప్పటికీ నిజం కాదు. రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. లెక్క చేయడం రాక జవాబు దొరకలేదని బెంబేలు పడనవసరం లేదు. జవాబు లేదన్నదే అక్కడ జవాబు.

ఇక పద సమస్యల (మాటల్లో ఇచ్చిన లెక్కల) దగ్గరికి వద్దాం. ఇప్పుడు దీని గురించి ఆలోచించడానికి ఒక కారణం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ప్రభుత్వ బడులు ఇంగ్లిషు మాధ్యమం వైపు మళ్లాయి. పాఠ్యపుస్తకాలు ఒక పేజీలో ఇంగ్లిషు, ఎదురు పేజీలో తెలుగుగా వస్తున్నాయి. ఒకే లెక్క రెండు భాషల్లో పక్కపక్కనే ఉంటుంది. సమీకరణం రాయడంలో రెండు భాషలూ ఒకేలా నడవవు.

‘ఒక సంఖ్యను రెట్టింపు చేసి, అందులోంచి 7 తీసేస్తే 15 వస్తుంది.’ తెలుగులో ఈ వాక్యం వరస ఎంత తిన్నగా ఉందో చూడండి. సంఖ్య ముందు వచ్చింది: య. తర్వాత రెట్టింపు: 2య. తర్వాత తీసివేత: 2య − 7. ‘వస్తుంది’ అనే క్రియ చివర వచ్చింది, అది సమానం గుర్తు చేసే పనే చేస్తోంది. మాట వెంట కలం నడిస్తే చాలు, 2య − 7 = 15 తయారవుతుంది. అదే లెక్కను ఇంగ్లిషు పుస్తకాల్లో మామూలుగా చెప్పే తీరులో 7 ముందు వస్తుంది, ‘తక్కువ’ తర్వాత, రెట్టింపు ఆ తర్వాత వస్తాయి. వరసలోనే రాసుకుంటూ పోయిన బిడ్డ 7 − 2య రాస్తాడు. ఆ బిడ్డకు గణితం రాదనడం సరికాదు. వాక్యాన్ని తిరగేసి చదవాలని ఎవరూ చెప్పలేదు. ఎదురు పేజీలో ఉన్న తెలుగు వాక్యాన్ని పైకి చదివిస్తే చాలాసార్లు చిక్కు విడిపోతుంది. బీజగణితం నేర్చుకునే తొలి ఏడాది ఆ పేజీని ఇంట్లోనూ బడిలోనూ దాటేయవద్దని నా మనవి.

తెలుగులో లెక్కలు చెప్పుకోవడం మనకు కొత్త కాదు. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మల్లన కాలానికి తెలుగులో శాస్త్ర రచన ఇంకా తొలి అడుగుల్లోనే ఉంది. అంకెల లెక్కను కథగా, పద్యంగా చెప్పి, దాన్నుంచి మళ్లీ అంకెలు రాబట్టించే అలవాటు మన భాషకు అంత పాతది.

అయితే తెలుగులోనూ ఉచ్చులున్నాయి. ‘ఎక్కువ’ కనిపిస్తే కలపాలి, ‘తక్కువ’ కనిపిస్తే తీసేయాలి అని కొన్నిచోట్ల నేర్పుతారు. ఈ లెక్క చూడండి. రాధ దగ్గర 12 పుస్తకాలున్నాయి. రవి దగ్గర ఉన్నవాటికన్నా అవి 5 ఎక్కువ. రవి దగ్గర ఎన్ని? ‘ఎక్కువ’ చూసి కలిపితే 17 వస్తుంది. కానీ రవి పుస్తకాలను ‘ర’ అనుకుంటే, రాధ పుస్తకాల గురించి రెండుసార్లు చెప్పారు: ఒకసారి 12 అని, ఇంకోసారి ర + 5 అని. కాబట్టి ర = 7. ఇక్కడ పట్టుకోవాల్సింది ‘ఎక్కువ’ను కాదు, ‘కన్నా’ను. ‘కన్నా’కు ముందున్నదే కొలతకు ఆధారం. దానికి కలిపితే రెండోది వస్తుంది.

వయసు లెక్కల్లో ఉచ్చు ఇంకో చోట ఉంటుంది. తండ్రి వయసు కొడుకు వయసుకు మూడు రెట్లు. 12 ఏళ్ల తర్వాత రెండు రెట్లవుతుంది. కొడుకు వయసు ‘క’ అయితే, 12 ఏళ్లు ఇద్దరికీ గడుస్తాయి: 3క + 12 = 2(క + 12). కొడుక్కి 12, తండ్రికి 36. తప్పు రాసేవాళ్లు సాధారణంగా ఒక్కరికే వయసు పెంచుతారు.

ఇంతవరకూ సమానం గురించి చెప్పుకున్నాం. బతుకులో ఎదురయ్యే లెక్కలు చాలావాటికి సమానంతో పని తీరదు. ‘కనీసం ఇంత’, ‘ఇంతకు మించకుండా’, ‘ఇంతలోపు’ అంటూ ఉంటాయి. వీటిని అసమీకరణాలు (ఒకవైపు ఇంకోవైపుకన్నా ఎక్కువో తక్కువో అని చెప్పే వాక్యాలు) అంటారు. ఇప్పుడు మనం వాడే <, > గుర్తులు టామస్ హారియట్ పుస్తకంతో 1631లో అచ్చులోకి వచ్చాయి.

పెళ్లికి వెళ్లడానికి వ్యాను మాట్లాడుతున్నారు. ఒకతను రోజుకు 1,500, ఆపైన కిలోమీటరుకు 12 రూపాయలు అన్నాడు. ఇంకొకతను విడిగా ఏమీ వద్దు, కిలోమీటరుకు 18 ఇవ్వండి అన్నాడు. దూరాన్ని ‘ద’ అందాం. రెండు బాడుగలూ సమానమయ్యే చోటు 1,500 + 12ద = 18ద. అంటే 6ద = 1,500, ద = 250. ఇది సరిహద్దు రాయి. 250 కిలోమీటర్ల లోపు తిరిగితే రెండో వ్యాను చవక. దాటితే మొదటిది చవక. 100 కిలోమీటర్లకు 2,700, 1,800. 400కు 6,300, 7,200. కిలోమీటరు కిలోమీటరుకూ బాడుగ ఒకే మొత్తంలో పెరుగుతుంది. గ్రాఫు గీస్తే తిన్నని గీత వస్తుంది. వీటిని రేఖీయం అనడానికి కారణం అదే. అలాంటి రెండు తిన్నని గీతలు కలిస్తే ఒక్కసారే కలుసుకుంటాయి. అందుకే సరిహద్దు ఒక్కటే, ఒకసారి దాటాక మళ్లీ తారుమారు కాదు.

అసమీకరణాలను సాధించే తీరు సమీకరణాల తీరే, ఒక్కచోట తప్ప. రుణ సంఖ్యతో గుణించినా భాగించినా గుర్తు తిరగబడుతుంది. ఎందుకు? నాకు 3 రూపాయల అప్పుంది, మీకు 5 రూపాయల అప్పుంది. 5 పెద్దది. కానీ నా కన్నా మీ చేతిలోనే తక్కువ ఉన్నట్టు. 5 > 3 అయితే −5 < −3. మైనస్ పెట్టగానే వరస తిరగబడింది. చేతిలో 500 ఉంది, రోజుకు 40 ఖర్చు, చివరకు కనీసం 100 మిగలాలి అనుకోండి. రోజుల సంఖ్య ‘ర’. 500 − 40ర ≥ 100. అంటే −40ర ≥ −400. −40తో భాగిస్తే ర ≤ 10. మిగులు ‘కనీసం’ అన్నచోట రోజులు ‘మించకుండా’ అయ్యాయి. రోజులు పెరిగేకొద్దీ మిగులు తగ్గుతుంది కదా. గుర్తు తిరగడంలో ఉన్న సంగతి అదే.

అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఒక పలక ఉంటుంది: 8 మంది, 544 కిలోలు. మనిషికి 68 కిలోల చొప్పున వేసిన లెక్క అది. ఇల్లు మారుతున్నారు. ఇద్దరు పనివాళ్ల బరువు కలిపి 140 కిలోలు, ఒక్కో పుస్తకాల పెట్టె 15 కిలోలు. పెట్టెల సంఖ్య ‘ట’. 140 + 15ట ≤ 544. 15ట ≤ 404. భాగిస్తే దాదాపు 26.93. దగ్గరి సంఖ్య 27 కదా అని 27 పెట్టెలు ఎక్కిస్తే బరువు 545 అవుతుంది, హద్దు దాటుతుంది. జవాబు 26.

ఇంకోచోట దీనికి ఎదురుగా చేయాలి. 1980ల తొలినాళ్లలో అమెరికా జాతీయ పరీక్షలో 13 ఏళ్ల పిల్లలకు ఒక లెక్క ఇచ్చారు. సైనికులు 1,128 మంది, ఒక్కో బస్సుకు 36 మంది, ఎన్ని బస్సులు కావాలి? దాదాపు 70 శాతం మంది భాగహారం సరిగ్గా చేశారు. కానీ 32 అని జవాబిచ్చింది 23 శాతమే. మరికొందరు ‘31, శేషం 12’ అని రాశారు. ఆ 12 మందీ బస్సు లేకుండా రోడ్డు మీద నిలబడిపోయారు. లెక్క ముగిశాక జవాబును మళ్లీ కథలోకి తీసుకెళ్లి నిలబెట్టి చూడాలి. లిఫ్టు దగ్గర కిందికి, బస్సుల దగ్గర పైకి సవరించాల్సిన కారణం అంకెల్లో లేదు, కథలోనే ఉంది.

అసమీకరణాలు పదులు, వందలు ఒకేచోట చేరితే ఏమవుతుంది? 1945లో జార్జ్ స్టిగ్లర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త అలాంటి ప్రశ్నే వేశాడు. ఒక మనిషికి ఏడాదికి కావలసిన పోషకాలన్నీ అతి తక్కువ ఖర్చులో ఎలా అందించాలి? 77 ఆహార పదార్థాలు, 9 పోషకాలు తీసుకున్నాడు. ప్రతి పోషకానికీ ఒక అసమీకరణం: కనీసం ఇంత ఉండాలి. అవన్నీ నెరవేరుస్తూ ఖర్చు అతి తక్కువ కావాలి. చేత్తో లెక్కలు వేసి, నేర్పుగా వడగట్టి, 1939 ధరల్లో ఏడాదికి 39.93 డాలర్లని తేల్చాడు. ఇంతకన్నా తక్కువ సాధ్యం కాదని నిరూపించే పద్ధతి అప్పటికి ఆయనకు అందుబాటులో లేదు.

రెండేళ్లకు, 1947లో, జార్జ్ డాంట్జిగ్ సింప్లెక్స్ పద్ధతి (అసమీకరణాలు గీసిన హద్దుల మూలలను ఒక వరసలో పరీక్షిస్తూ ఉత్తమమైనదాన్ని చేరే పద్ధతి) కనిపెట్టాడు. దాన్ని పరీక్షించడానికి స్టిగ్లర్ లెక్కనే ఎంచుకున్నారు. తొమ్మిదిమంది గుమాస్తాలు చేతి యంత్రాలతో కూర్చున్నారు. మొత్తం 120 పనిదినాలు పట్టింది. వచ్చిన జవాబు 39.69 డాలర్లు. స్టిగ్లర్ లెక్కకూ దీనికీ తేడా పావు డాలరులోపే. ఇప్పుడు ఆ లెక్కను మామూలు కంప్యూటరు రెప్పపాటులో చేస్తుంది.

స్టిగ్లర్ జాబితాలో మిగిలినవి ప్రధానంగా గోధుమ పిండి, క్యాబేజీ, పాలకూర, ఎండు బీన్స్, చిక్కబరిచిన డబ్బా పాలు. ఏడాది పొడుగునా అవే తినమని తాను ఎవరికీ చెప్పడం లేదని స్టిగ్లర్ కూడా ఒప్పుకున్నాడు. పోషకాలకు తొమ్మిది అసమీకరణాలు రాశారు. రుచికి ఒక్కటీ రాయలేదు.